చెట్టు మీంచి దూకాయా, నేల మీంచి లేచాయా?

తొలి పక్షులు ఎట్లా ఎగిరాయన్న దానికి రెండు వాదాలున్నాయి. ఒకటి, చెట్టెక్కి గాలిలో తేలుతూ కిందికి జారాయని. చైనాలో శిలాజంగా దొరికిన, పక్షులకు చుట్టమైన చిన్న డైనోసార్ మైక్రోరాప్టర్‌కు కాళ్ళకు కూడా పొడవాటి ఈకలే, అంటే నాలుగు రెక్కలన్నమాట. జారడానికి బాగానే పనికొస్తాయి. కానీ జారే ఉడుతలు ఇప్పటికీ రెక్కలాడించట్లేదు కదా!

రెండోది, నేల మీంచి లేచాయని. పాలమూరు పల్లెల్లో కుక్క తరిమిన నాటుకోడి పిల్లను చూడండి. సగం ఎదిగిన రెక్కలు టపటపలాడిస్తూ ఏటవాలు గడ్డివాము మీదికి ఉరుకుతుంది. సరిగా ఎగరడం రాదు, అయినా రెక్క కొట్టినకొద్దీ కాళ్ళకు పట్టు దొరుకుతుంది. కౌజుపిట్ట జాతి పిల్లల్లో ఇదే సంగతిని అమెరికా శాస్త్రవేత్త కెన్ డయల్ 2003లో చూపించారు. నా ఓటు దీనికే. పైగా 15 కోట్ల ఏళ్ళ నాటి, తొలి పక్షుల్లో ఒకటైన ఆర్కియాప్టెరిక్స్ దొరికిన జర్మనీ సున్నపురాయిలో పెద్ద చెట్ల ఆనవాళ్ళు లేవు.