వరంగల్‌లో ఇంటి రిజిస్ట్రేషన్: స్లాట్ బుకింగ్ సేవతో ఏ ఆలస్యం తగ్గింది, ఏది తగ్గలేదు

తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ 2025 ఏప్రిల్ 10న కొన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ముందే సమయం ఖాయం చేసుకునే స్లాట్ బుకింగ్ మొదలుపెట్టింది. వరంగల్ ఫోర్ట్ ఆఫీసు తొలి విడతలోనే ఉంది. అదే ఏడాది జూన్ నాటికి రాష్ట్రమంతా అమల్లోకి వచ్చింది. ఒక్కో ఆఫీసుకు రోజుకు 48 స్లాట్లు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఇది నిజంగా మంచి సేవ. వరండాలో పొద్దుందాకా కూర్చునే అవస్థ తప్పింది, ముసలివాళ్లను తీసుకొచ్చేవాళ్లకు ఎంతో ఊరట. అయితే ఇల్లు అమ్మి, ఆ డబ్బుతోనే ఇంకో ఇల్లు కొనేవాళ్లను సతాయించే ఆలస్యం ఆఫీసు లోపల జరిగేది కాదు. అదంతా స్లాట్‌కు ముందే పుడుతుంది, దాన్ని ఈ సేవ ముట్టుకోదు. అందుకే స్లాట్‌ను అన్నిటికన్నా చివర బుక్ చేయాలి.

శాఖ వెబ్‌సైట్‌లో వివరాలు మనమే ఎక్కించాలి: అమ్మేవారు, కొనేవారు, ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు, లింక్ డాక్యుమెంట్ (అంతకు ముందటి దస్తావేజు) నంబరు, ఆస్తిపన్ను గుర్తింపు సంఖ్య పీటీఐఎన్. ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ, అమ్మకం ధర రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద 7.5 శాతం కట్టాలి. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. చలానా కట్టి, తేదీ, సమయం ఎంచుకొని, ఇద్దరు సాక్షులతో వెళ్లాలి.

దెబ్బతినేది ఎక్కువగా వివరాలు ఎక్కించే దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో ఒక్క అక్షరంగా ఉండటం ఇక్కడ మామూలే. పాత దస్తావేజులో పాత ఇంటి నంబరు ఉంటుంది, కార్పొరేషన్ రశీదులో కొత్తది ఉంటుంది. రెండూ ఒకే ఇంటివని దస్తావేజులో రాయకపోతే బ్యాంకు లాయరిచ్చే లీగల్ ఒపీనియన్‌లో మళ్లీ ఆగుతుంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన, మగ్గం నేసిన చేతులకు వేలిముద్ర పడకపోవచ్చు. అలాంటివాళ్ల ఆధార్ బయోమెట్రిక్‌ను ముందే అప్‌డేట్ చేయించండి. లోపమున్న దస్తావేజును పెండింగ్ నంబరుతో ఆపేస్తారు. అది తేలేదాకా అమ్మేవారి డబ్బూ ఆగుతుంది, కొనేవారి లోనూ ఆగుతుంది.

శాఖ ఇచ్చే సేవల్లో మేం ఎక్కువ మార్కులు వేసేది ఉచిత ఆన్‌లైన్ ఈసీకి, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రానికి. 1983 నుంచి లావాదేవీలు కనిపిస్తాయి, అంతకు ముందువి కావాలంటే విడిగా దరఖాస్తు పెట్టాలి. డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి, ఇంటి నంబరు లేదా సర్వే నంబరుతో ఇంకోసారి వెతకండి. ఒక్క తీరుగా వెతికితే, అన్నదమ్ముల పంపకంలో చీలిన భాగం మీద ఉన్న తనఖా కనబడకపోవచ్చు. రిజిస్టర్ కాని ఒప్పందం, కోర్టులో నడుస్తున్న దావా ఈసీలో ఉండవని కూడా గుర్తుంచుకోవాలి.

బయానా ఇచ్చే ముందే చూడాల్సింది 22-ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక. సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైనా మొత్తం నంబరు జాబితాలో చేరిపోయిన సందర్భాలున్నాయి. దాంట్లోంచి తీయించడం కలెక్టరేట్ పని, సబ్ రిజిస్ట్రార్ చేతిలో లేదు. దానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ‘వారంలో తీయిస్తా’ అనే మధ్యవర్తి మాట మీద బయానా ఇవ్వొద్దు. అనుమతి లేని వెంచర్‌లో ప్లాటు కొని కట్టిన ఇల్లయితే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్ కాపీ అడగండి. వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు చుట్టుపక్కల, హంటర్ రోడ్డు వైపు ఇల్లయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దుల సంగతి తేల్చుకోండి. 2023 జులై వరదల్లో ఏ వీధిలోకి నీళ్లొచ్చాయో ఆ ఇంటి పక్కవాళ్లే చెబుతారు.

ఇక ఒప్పంద పత్రం. ఆలస్యాన్ని నిజంగా తట్టుకునేది దీంతోనే, కానీ చాలామంది రెండు పేజీల అచ్చు నమూనా మీద సంతకాలు పెట్టేస్తారు. ‘90 రోజుల్లో రిజిస్ట్రేషన్’ అని మాత్రమే రాసుకుంటే, బ్యాంకు నాలుగు వారాలు సాగదీసినా తప్పు కొనేవారి మీదే పడుతుంది. అందుకే గడువును పనికి కట్టండి: అమ్మేవారు ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రశీదు ఇచ్చిన రోజు నుంచి లెక్క మొదలు. లోన్ మంజూరు కాకపోతే బయానాలో ఎంత, ఎన్నాళ్లకు తిరిగివ్వాలో రాయండి. టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) లోపం బయటపడితే మొత్తం వాపసు అని విడిగా రాయండి. గడువు పెంచుకుంటే ఫోన్లో మాటతో సరిపెట్టకుండా, ఒప్పందం వెనకే రాసి ఇద్దరూ సంతకం చేయండి. బయానా 20 వేలు, ఆపైన అయితే నగదు వద్దు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడే ప్రమాదముంది.

అమ్మే ఇంటి మీద లోన్ ఉంటే అమ్మేవారు తమ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పేది), బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తీసుకోవాలి. ఈ లెటర్‌కు తేదీ ఉంటుంది, అది దాటితే వడ్డీ మారి కొత్త లెక్క కావాలి. కాబట్టి కొనేవారి బ్యాంకు డీడీ తీసే రోజు ఖాయమయ్యాకే అడగడం మేలు. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలని, బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అడిగితేనే చాలా బ్రాంచీల్లో పని కదులుతుంది. గతంలో తనఖా పత్రం రిజిస్టర్ చేసి ఉంటే దాని రద్దు కూడా రిజిస్టర్ కావాలి. లేకపోతే తీరిన అప్పు ఈసీలో బతికే ఉంటుంది.

కొనేవారి లెక్క కూడా ముందే వేసుకోవాలి. 60 లక్షల ఇంటికి బ్యాంకు 80 శాతం, అంటే 48 లక్షలు ఇచ్చిందనుకుందాం. మిగిలిన 12 లక్షలకు తోడు రిజిస్ట్రేషన్ ఖర్చు నాలుగున్నర లక్షలు, మొత్తం 16.5 లక్షలు చేతిలో ఉండాలి. బ్యాంకు వాల్యుయేషన్ 55 లక్షలకే వస్తే 80 శాతం లోన్ 44 లక్షలకు తగ్గుతుంది, చేతిలోంచి ఇంకో 4 లక్షలు పెట్టాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి పేరిట ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కొనేవారే పట్టి కట్టాలి. అమ్మేవారి పాన్ వాళ్ల ఆధార్‌తో లింకు కాకపోతే ఆ 1 శాతం 20 శాతమవుతుంది. ఒప్పందం రోజే అడిగి చూసుకోవాల్సిన సంగతి ఇది.

వారసుల్లో ఒకరు అమెరికాలో ఉండటం హనుమకొండలో ప్రతి వీధిలో ఉన్నదే. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. పత్రం బీరువాలో పెట్టి మరిచిపోతే మళ్లీ మొదటికే వస్తుంది. బయానా రోజే ఆ పని మొదలుపెట్టించండి.

మూఢం, ఆషాఢం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూఢం పోగానే అందరికీ అదే ముహూర్తం కావాలి, పొద్దుటి స్లాట్లు ముందే నిండుతాయి. పంతులుగారిని ఒక్క తేదీ కాకుండా రెండు మూడు అడిగిపెట్టుకోండి. దస్తావేజు మీద సంతకాలు మంచిరోజున చేసుకొని, ఆఫీసులో మరో రోజు దాఖలు చేయొచ్చు. సంతకం నాటి నుంచి నాలుగు నెలల గడువు చట్టమే ఇస్తోంది. ముహూర్తం పట్టింపున్న ఇళ్లలో గొడవ తీర్చే దారి ఇదే, అయినా చెప్పే దస్తావేజు రచయితలు తక్కువ.

అమ్మకం, కొనుగోలు ఒకే రోజు పెట్టుకోవద్దు. మొదటి డీడీ ఖాతాలో జమ కావడానికే ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. అమ్మాక నెల, నెలన్నర అదే ఇంట్లో ఉండేలా చిన్న ఒప్పందం రాసుకోండి: ఖాళీ చేసే తేదీ, అద్దె, దాటితే రోజుకు ఎంత. పాత ఇంటి లాభం మీద పన్ను మినహాయింపు కోసం తొందరపడి ఏదో ఒక ఇల్లు కొనొద్దు. అమ్మకానికి ఏడాది ముందు కొన్నా, తరువాత రెండేళ్లలో కొన్నా చెల్లుతుంది, కట్టుకుంటే మూడేళ్లు. రిటర్న్ గడువులోగా వాడని లాభాన్ని బ్యాంకులో ఇందుకోసమే తెరిచే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేస్తే చాలు.

రిజిస్ట్రేషన్ అయ్యాక పీటీఐఎన్‌తో గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ రికార్డులో పేరు మారిందో లేదో మీరే చూసుకోండి. మారకపోతే దస్తావేజు కాపీతో దరఖాస్తు పెట్టాలి. కరెంటు మీటరు పేరు మార్పు కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో విడిగా జరుగుతుంది. నల్లా బిల్లు, ఆస్తిపన్ను, కరెంటు బకాయిలు రిజిస్ట్రేషన్ తేదీ నాటికి కట్టిన రశీదులు చేతికొచ్చాకే ఆఖరి చెక్కు ఇవ్వండి.