ఏడాదిన్నర వాడాక చెప్తున్నా: ఒక లీటర్ కరెంట్ కుక్కర్

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ అండి, మా ఇంట్లో కరెంట్ కుక్కర్ అంటాం. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కాస్త తిట్టాను కూడా.

2023లో బీటెక్ అయిపోయింది నాది, ట్రిపుల్ఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది గానీ జాయినింగ్ డేట్ రాలా, ఆ ఏడాది చాలామందిది అదే కథ. బాపట్లలో ఇంట్లో కూర్చుంటే కనిపించిన ప్రతోళ్ళూ "ఏం చేస్తున్నావ్ బాబూ ఇప్పుడు" అనే, అది భరించలేక వచ్చి అమీర్‌పేటలో జావా కోర్సులో చేరి ఎస్సార్ నగర్‌లో ఇంకో ఇద్దరితో రూం తీసుకున్నా. కాలేజీలో నాలుగేళ్ళు మెస్సుని తిట్టుకుంటూనే తిన్నాం కదా, సాంబార్ నీళ్ళు చపాతీ అట్ట అని, కానీ ఏడున్నరకి ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడే ఆ ఒక్క పని పోయాక సాయంత్రం ఎప్పుడైందో రాత్రి ఎప్పుడైందో తెలిసేది కాదు. మంచం మీద పడుకుని ఫోన్ చూస్తే ఒకడు టెక్సాస్‌లో ఎమ్మెస్, ఇంకొకడు బెంగళూరులో మెడలో ఐడీ కార్డుతో ఫోటో, మనమేమో రాత్రి పదకొండింటికి బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్, పొద్దున్నే కడుపులో మంట.

రెండు నెలలు అలా గడిచాక మా ఖమ్మం రూమ్మేట్ "అన్నం మనమే వండుకుందాం రా, కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుందాం" అన్నాడు. ముగ్గురం తలా ఐదొందలు వేసుకుని ఇది కొన్నాం.

దీని పనితనం చూస్తే నాకు ముచ్చటేసింది. గిన్నె కింద మధ్యలో స్ప్రింగ్ మీద చిన్న గుండ్రటి బిళ్ళ ఉంటుంది. నీళ్ళు ఉన్నంతసేపు గిన్నె అడుగు వంద డిగ్రీల దగ్గరే ఆగుద్ది, నీళ్ళు ఇంకిపోగానే వేడి ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కుద్ది, అక్కడ లోపలి అయస్కాంతం పట్టు వదిలేసి స్విచ్ టక్కున పైకి లేస్తుంది. అంతే, చిప్పులు గిప్పులు ఏం లేవు. ఈ అయస్కాంత గుణం పోయే వేడినే క్యూరీ పాయింట్ అంటారు, రెండు మార్కుల కోసం బట్టీ కొట్టాను, అదే అన్నం వండుతుందని ఏ సారూ చెప్పలా. గిన్నె కింద క్యూరీ పాయింట్, వీధి చివర కర్రీ పాయింట్. ఈ జోకుకి మా రూంలో ఇప్పటికీ నేనొక్కడినే నవ్వుతా.

ఓనర్ ఆంటీ చూసి "కరెంట్ బిల్లు పేలిపోద్ది" అన్నారు. 450 వాట్లు ఆంటీ, అరగంట వండితే పావు యూనిట్ కూడా కాదు అని లెక్క వేసి చూపించా, చదివిన చదువు మొదటిసారి పనికొచ్చింది.

మొదటి రోజు అన్నం మాత్రం సంకటి అయింది. అమ్మకి ఫోన్ చేస్తే "కొత్త బియ్యమా పాత బియ్యమా రా" అంది, నాకేం తెలుసు. బస్తా మీద బీపీటీ అని ఉంది, అది 5204 రకం, మా బాపట్లలోనే తయారై 1986లో బయటికొచ్చిన వంగడం, ఆ ఊళ్ళో పుట్టి కూడా దానికి ఎసరు ఎంత పెట్టాలో తెలీదు నాకు. అమ్మ చెప్పిన లెక్క ఏంటంటే పాత బియ్యానికి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు, కొత్త బియ్యానికి ఒకటిన్నర, ఇరవై నిమిషాలు నానబెట్టాలి, స్విచ్ లేచాక పది నిమిషాలు మూత తీయకూడదు. ఆ పది నిమిషాల్లో నేను వెళ్ళి పప్పు ప్యాకెట్, రసం ప్యాకెట్ తెచ్చేవాడిని, ఆ కవర్ ముడి గోళ్ళతో విప్పలేక పంటితో కొరికితే రసం చొక్కా మీద. ఎనిమిదింటికి స్విచ్ టక్కుమంటే ముగ్గురం ఫోన్లు పక్కన పడేసి పేపర్ పరిచేవాళ్ళం. గోంగూర పచ్చడి, కాస్త నెయ్యి, వేడన్నం. ఉద్యోగం ఇంకా లేదు గానీ రాత్రి పూట పడుకుంటే నిద్ర పట్టడం మొదలైంది.

ఇక తిట్లు. ఒక లీటర్ అని రాస్తారు గానీ సగానికి మించి పోస్తే గంజి పొంగి టేబులంతా జిగురు. ముగ్గురికి చాలదు, రెండు వాయిలు పెట్టాలి. గిన్నె పల్చటి అల్యూమినియం, మా మూడోవాడు ఒకసారి కింద పడేశాడు, అడుగు సొట్ట పోయి బిళ్ళకి సరిగ్గా ఆనట్లేదు, అప్పట్నుంచి స్విచ్ ఇష్టమొచ్చినప్పుడు లేస్తుంది. సర్వీస్ సెంటర్ వాడు గిన్నె వారంటీలో రాదన్నాడు, మూడు సార్లు తిప్పించుకున్నాక. విడిగా కొన్నాం. గిన్నె కింద ఒక్క మెతుకు పడినా అదే గొడవ, మాడు వాసన కూడా, పెట్టేముందు గుడ్డతో తుడవండి. వార్మ్‌లో, అంటే ఉడికాక అన్నాన్ని వేడిగా ఉంచే సెట్టింగ్‌లో, గంటకి మించి వదిలితే అడుగు ఎర్రగా కట్టేస్తుంది, మా ఖమ్మం వాడు మాత్రం ఆ మాడే కావాలని గరిటెతో గీకి తింటాడు.

ఇప్పుడు నాకు మాదాపూర్‌లో చిన్న కంపెనీలో సపోర్ట్ పని దొరికింది, జీతం గొప్పేం కాదు, పాత ఆఫర్ మెయిల్ రోజూ తెరిచి చూడటం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. అమీర్‌పేటలో మెట్రో దిగేసరికి ఏడున్నర, అప్పటికి రూంలో ఎవడో ఒకడు బియ్యం నానబెట్టి ఉంటాడు.

ఇద్దరికైతే కళ్ళు మూసుకుని కొనుక్కోండి, ముగ్గురైతే పెద్దది చూడండి. నాలుగు స్టార్లు. వైరు ఇంకో మూరెడు పొడుగుండి ఉంటే అయిదూ ఇచ్చేవాడిని, మా రూంలో ప్లగ్ తలుపు వెనకాల ఉంది మరి.