మూడు కొండల నడకకు బస ఎక్కడ?

కనిగిరి వైపు ఒక బడికి మంచినీళ్ల ఫిల్టర్ పెట్టించాలని మావాళ్లు నలభై మందితో కొండల నడక అనుకున్నాం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లల్ని చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. మనిషికి 1,500 రూపాయలు, ఖర్చులు పోను మిగిలిందంతా ఫిల్టర్‌కే. మాలకొండ, భైరవకోన, ఉదయగిరి దుర్గం ముందుగా ఒకసారి చూసి రావడానికి నేను, మా బావ, ఒక మిత్రుడు కారులో బయల్దేరాం.

మాలకొండ గుడి శనివారమే తెరుస్తారు కాబట్టి నడక ఆ రోజే మొదలవ్వాలి. అమ్మవారి గుడికి వెళ్లే బండ చీలికలో ఒక్కొక్కరే పక్కకు తిరిగి దూరాలి. భక్తుల వరస మధ్యలో నలభై మందీ ఒకేసారి వెళ్తే ఇబ్బంది, పది మంది చొప్పున పంపుతాం.

ఉదయగిరిలో లాడ్జి మాత్రం మా ఉత్సాహమంతా నీరుగార్చింది. ఫోన్‌లో గది 800 అన్నవాళ్లు, బ్యాగులు దించాక 1,200 అన్నారు. వేడినీళ్లు బకెట్‌కు 30. దుప్పటి మీద పాత మరకలు, ఏసీకి రిమోట్ లేదు. ఇది చందాల డబ్బు, బిల్లు కావాలంటే లాడ్జి మనిషి క్యాలెండర్ కాగితం చింపి వెనక అంకె వేసిచ్చాడు. నలభై మందికి 5,000 అడ్వాన్స్ కూడా అడిగాడు, రసీదు లేకుండానే. బడి పిల్లల కోసమని చెబితే, "ధర్మం మీరు చేసుకోండి సార్, నా రేటు నాదే" అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని బావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. రూపాయి రూపాయికీ లెక్క చెప్పాల్సిన పనికి అలాంటి చోటు వద్దే వద్దు. ఊళ్లోనే ఒక కల్యాణ మండపం రాత్రికి 4,000కి, బిల్లుతో సహా మాట్లాడుకున్నాం. చాపలు మనమే తెచ్చుకోవాలి.

1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఆ దుర్గం ఎక్కడం తేలికేం కాదు. దారి పొడుగునా కంపచెట్లు, ఎండకు నీడ లేదు. తెల్లవారుజామునే ఎక్కాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. దారి తెలిసిన ఊరి కుర్రాడికి 500 ఇచ్చాం, ఆ డబ్బుకు న్యాయం చేశాడు.

భైరవకోనలో ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు చూసి తిరిగొస్తుంటే, రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక అక్క రాగిసంగటి, పల్లీల పచ్చడి, చింతచిగురు పప్పు పెట్టింది. సంగటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసింది. బావ రెండు ముద్దలు తిని, మూడోది అడిగి పెట్టించుకున్నాడు. మనిషికి 60. విషయం చెప్పేసరికి, "ముందురోజు ఫోన్ చెయ్యండి నాయనా, మీవాళ్లకు 50 చాలు" అంది.

రెండో రోజు మధ్యాహ్నం భోజనం అక్కడే, డబ్బు ముందే ఇచ్చేస్తాం. ఉదయగిరి కొయ్య గరిటెలు కూడా కొంటున్నాం, ఎక్కువ చందా ఇచ్చినవాళ్లకు తలా ఒకటి.