పొట్ట మీద బటన్‌తో రెండేళ్లు: మా పాప విషయంలో మేం చూసింది

మా పాపకు మొన్ననే మూడేళ్లు నిండాయి. పుట్టినప్పటి నుంచి ఒళ్లు మెత్తన. డాక్టర్లు హైపోటోనియా, అంటే కండరాల్లో బిగువు లేకపోవడం అన్నారు. చంకల కింద చేతులేసి ఎత్తితే భుజాలు పైకి లేచి చేతుల్లోంచి జారిపోయేది. పాలు పడితే కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి తొలి ఏడాదిలోనే రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. మొదట ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేశారు. తొమ్మిదో నెలలో పొట్టకు చిన్న రంధ్రం చేసి, పాలు నేరుగా కడుపులోకి పోసే పెగ్ ట్యూబ్, ఏడాది నిండాక దాని చోట అదే పని చేసే బటన్ పెట్టారు. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇక్కడ మాలాగే బటన్ పెట్టించాలా వద్దా అని టెన్షన్ పడుతున్న తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. వాళ్ల కోసమే రాస్తున్నాను.

బటన్ అంటే నిజంగానే కోటు గుండీ అంత ఉంటుంది. బయట చర్మానికి ఆనుకుని మూత, లోపల కడుపులో చిన్న బెలూన్. ఆ బెలూన్‌లోని నీళ్లే దాన్ని ఊడిపోకుండా పట్టి ఉంచుతాయి. ఆహారం ఇచ్చేటప్పుడు ఎక్స్‌టెన్షన్ గొట్టం తగిలించి తిప్పితే లాక్ అవుతుంది. అయ్యాక తీసేసి మూత పెడితే పొట్ట మీద వేలాడేది ఏమీ ఉండదు.

ఇది ఎంత పెద్ద సంగతో ఎత్తుకున్నవాళ్లకే తెలుస్తుంది. మామూలు పిల్లల్ని చంకన వేసుకుంటే కాళ్లతో నడుముని కరుచుకుంటారు. మా పాప కరుచుకోలేదు. ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి వీపు మీద ఉండి తీరాలి. పెగ్ గొట్టం ఉన్న మూడు నెలలూ అది నా చీర కుచ్చిళ్లలోనో, దుప్పట్లోనో చిక్కుకుని ఎక్కడ లాగుతుందోనని గుండె దడదడలాడేది. బోర్లా పడుకోబెట్టి మెడ ఎత్తే వ్యాయామాలు చేయించమని ఫిజియోథెరపిస్టు చెప్పినా ధైర్యం చాలేది కాదు. బటన్ వచ్చాక రోజుకు నాలుగుసార్లు బోర్లా వేశాం. మెడ నిలిచింది. ఆ ఘనత అంతా బటన్‌దని అనను, కానీ మా భయం పోయింది దానివల్లే.

ఇంట్లో పంపు కన్నా 60 మిల్లీలీటర్ల సిరంజే మాకు నచ్చింది. పిస్టన్ తీసేసి గొట్టానికి తగిలించి, పాలు పోసి పట్టుకుంటే వాటంతట అవే దిగుతాయి. చెయ్యి ఎత్తితే జోరుగా, దించితే నెమ్మదిగా. ఏడ్చినా దగ్గినా పాలు సిరంజిలోకి ఎగదన్నుతాయి. అప్పుడు ఆగాలి. 180 మిల్లీలీటర్లకు పాతిక నిమిషాలు పడుతుంది. చివర్లో పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి గొట్టం కడగాలి. తర్వాత అరగంటైనా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంటాం. పంపు రాత్రి నిద్రలోనూ ప్రయాణాల్లోనూ పనికొస్తుంది. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో బ్రేకులు పడుతుంటే సిరంజి పట్టుకోవడం కుదిరే పని కాదు. ఊరికి వెళ్లేటప్పుడు పెనుకొండ దాటేలోపు పంపు మీదే ఒక పూట అయిపోతుంది. కొనేముందు బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో తప్పక అడగండి. మా ఏరియాలో కరెంటు పోవడం మామూలే.

రాగిజావ విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. డైటీషియన్ సరేనన్నాక వేడిగా పల్చగా కాచాను. చల్లారేసరికి చిక్కబడి గొట్టంలో గడ్డకట్టింది. గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే అరగంటకి వదిలింది. ఇప్పుడు పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టి, గోరువెచ్చగా ఉండగానే ఇస్తాను.

ఇక అసలు లోపం బెలూన్. ఆర్నెల్లు వస్తుందన్న మొదటి బటన్ నాలుగో నెలలోనే ఒక రాత్రి గౌను మారుస్తుంటే చేతిలోకి వచ్చేసింది. బెలూన్ పగిలింది. ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుందనీ, ఇంట్లో ఇంకొకటి సిద్ధంగా ఉంచుకోవాలనీ పెట్టిన ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. దానికి నాకిప్పటికీ కోపమే. మా సర్జన్ ఫోన్‌లో చెప్పినట్టు పాత బటన్‌నే కడిగి మెల్లగా దూర్చి, టేపు వేసి క్యాజువాల్టీకి పరిగెత్తాం. సరిగ్గా కడుపులోనే ఉందని డాక్టర్లు చూసేదాకా చుక్క పాలు కూడా పోయలేదు. మాకది పాత రంధ్రం కాబట్టి అలా చెప్పారు. ఆపరేషన్ అయిన కొత్తలో ఊడితే ఇంట్లో ఏదీ దూర్చకూడదు, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

అప్పటి నుంచి అదే సైజు బటన్ ఒకటి పాప బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. ఆదివారం ఆదివారం బెలూన్ నీళ్లు తీసి కొలుస్తాం. మాది 14 ఫ్రెంచ్ సైజు (ఫ్రెంచ్ అంటే గొట్టం లావుకి కొలత), బెలూన్‌లో ఐదు మిల్లీలీటర్లు పట్టాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్‌తో నింపుతాం. సెలైన్ వాడొద్దన్నారు. బటన్లు చవక కాదు, నెలనెలా కొంత పక్కన పెట్టుకోవాల్సిందే. పిల్ల ఒళ్లు చేస్తే బటన్ కాడ పొడవు కూడా మార్చాలి. మేం 1.2 సెంటీమీటర్ల నుంచి 1.5కి మారాం. బిగుతైనప్పుడు చుట్టూ ఎర్రగా కండ పెరిగింది, సిల్వర్ నైట్రేట్ అనే మందు పెడితే తగ్గింది.

మా అత్తమ్మకు మాత్రం చాలా రోజులు మనసు ఒప్పలేదు. "నోటికి రుచి తెలీకుండా పిల్ల ఎట్లా పెరుగుతుందమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. లిఫ్టులో ఎవరైనా కన్నడంలో "ఊట ఆయ్తా పుట్టా?" (బువ్వ తిన్నావా బుజ్జీ?) అని పాపను పలకరిస్తే తల తిప్పుకునేది. అన్నప్రాశన నాడు పరమాన్నం పెదవులకు అద్ది ఊరుకున్నాం. ఇప్పుడు స్పీచ్ థెరపిస్టు ఒప్పుకున్నారు కాబట్టి, ట్యూబ్‌లో పాలు దిగుతుండగానే మామిడిపండు రసం వేలికి అద్ది పాప నాలుకకు రాస్తున్నాం. పాప పెదవులు చప్పరిస్తుంది. రాత్రి పూట సిరంజి పట్టేది అత్తమ్మే. బాల్కనీలో కూర్చుని మనవరాలికి చందమామను చూపిస్తూ ఆమె చెయ్యి కూడా పైకి లేస్తుంది. "అత్తమ్మా, కొంచెం దించండి, జోరుగా పోతున్నాయి" అంటూ నేను పక్కనే కూర్చుంటాను.