మోడల్ రైల్వేకు ఆటోమేటిక్ బ్లాక్ సిగ్నళ్లు: ఏళ్ల తరబడి నడిపాక నా సమీక్ష

న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో హెచ్‌ఓ స్కేలు లేఅవుట్ ఉంది. అసలు రైలులో 87వ వంతు సైజు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. 1950ల నాటి అమెరికన్ గూడ్స్ లైను అది. కొంత దూరం డబుల్ లైను, మిగతాది సింగిల్ లైను, మధ్యమధ్య లూపులు. దీనికి ఆటోమేటిక్ బ్లాక్ సిగ్నళ్లు పెట్టి చాలా ఏళ్లయింది. ఇక్కడి తెలుగు మిత్రుల్లో ఈ సరదా ఉన్నవాళ్లు, హైదరాబాద్ నుంచి ఒకరిద్దరు, ఏ సిగ్నల్ స్తంభాలు బాగుంటాయి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడుగుతున్నారు. నేను అందరికీ ఒకే మాట చెబుతున్నాను. మీ దగ్గరున్న డబ్బులో పెద్ద వాటా రైలు ఏ బ్లాకులో (లైనులోని ఏ ముక్కలో) ఉందో కనిపెట్టే ఏర్పాటుకు పెట్టండి. అది గట్టిగా ఉంటే ఎంత చవక దీపమైనా నిజం చెబుతుంది. అది వదులుగా ఉంటే ఎంత ఖరీదైన స్తంభమైనా అబద్ధమే చూపిస్తుంది.

పని చేసే తీరు తెలిసిందే. లైనును బ్లాకులుగా విడగొడతాం. రైలున్న బ్లాకుకు కాపలా కాసే సిగ్నల్ ఎరుపు, దాని వెనకది పసుపు, ఆ వెనకది ఆకుపచ్చ. మన దేశంలో డబుల్ ఎల్లో కూడా కలిపి నాలుగు సూచనలు. ఆటోమేటిక్ సిగ్నల్ అని గుర్తుకు స్తంభానికి తెల్ల బిళ్ల మీద నల్లటి 'ఏ' అక్షరం ఉంటుంది. అది ఎర్రగా ఉంటే డ్రైవరు పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, తర్వాత జాగ్రత్తగా ముందుకు పోవచ్చు. అమెరికాలో ఆ పని స్తంభం మీది నంబరు ప్లేటు చేస్తుంది. నంబరు ఉన్న ఎరుపు దగ్గర ఆగి, నెమ్మదిగా దాటవచ్చు. నంబరు లేకపోతే దాటకూడదు. అందుకే నా లేఅవుట్ మీద ప్రతి మధ్య సిగ్నల్‌కూ ఆ చిన్న ప్లేటు అతికించాను. కంట్రోలర్ పట్టుకుని రైలు నడిపేవాళ్లకు అది అలంకారం కాదు, ఆజ్ఞ.

ఇక అసలు సంగతి. నిజమైన రైల్వేలో సిగ్నల్‌ను నమ్మడానికి కారణం 1872లో విలియం రాబిన్సన్ పేటెంట్ తీసుకున్న క్లోజ్డ్ ట్రాక్ సర్క్యూట్. బ్లాకు ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే, అంటే కరెంటు అందినంతసేపే పట్టి ఉండే స్విచ్చి. పట్టాల గుండా పారే కరెంటు రిలేను పట్టి ఉంచుతుంది. రైలు రాగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. రిలేకు కరెంటు అందదు, అది పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా వచ్చేది ఆ ఎరుపే. ఏది చెడిపోయినా రైలును ఆపే వైపే చెడుతుంది.

మన మోడల్‌లో లెక్క తిరగబడుతుంది. డీసీసీ (డిజిటల్ సంకేతాలతో ఇంజన్లను నడిపే పద్ధతి) లేఅవుట్‌లో పట్టాల మీద ఎప్పుడూ 14 వోల్టుల దాకా ఉంటుంది. ఆ బ్లాకులో ఏదైనా కరెంటు లాగుతుంటే రైలు ఉన్నట్టు, లాగకపోతే ఖాళీ అన్నట్టు. అంటే పట్టాకు కరెంటు తెచ్చే ఫీడరు వైరు ఊడిపోతే బ్లాకు ఖాళీగా కనిపిస్తుంది. రైలు అక్కడే కదలకుండా నిలబడి ఉంటుంది, వెనక సిగ్నల్ మాత్రం ఆకుపచ్చ చూపిస్తుంది. డబ్బాల మీదా ప్రకటనల్లోనూ ఈ ముక్క నాకెక్కడా కనపడలేదు. సిగ్నళ్లు పెట్టుకునే ప్రతి ఒక్కరికీ మొదట తెలియాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

దీనికి నా లేఅవుట్‌లో రెండు కాపలాలు ఉన్నాయి. ఒకటి, పట్టాలకు కరెంటు అందించే ప్రతి బూస్టరు పెట్టె నుంచి పోయే ప్రధాన వైర్ల (బస్ వైర్ల) చివర అర వాటు రకం 1 కిలో ఓమ్ రెసిస్టరు శాశ్వతంగా కలిపి, దానికి విడిగా ఒక డిటెక్టరు (కరెంటు లాగుతోందో లేదో కనిపెట్టే పరికరం) పెట్టాను. అది ఎప్పుడూ 14 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉండాలి. ఆ డిటెక్టరు ఆరిందంటే ఆ బూస్టరు పరిధిలో కరెంటు లేనట్టే, అక్కడి సిగ్నళ్లన్నీ ఎర్రబడతాయి. రెండోది సాఫ్ట్‌వేర్‌లో రాసిన నియమం. ఒక బ్లాకులో ఉన్న రైలు పక్క బ్లాకులో కనపడకుండానే మాయమైతే, నేను స్వయంగా చూసి బటన్ నొక్కేదాకా ఎరుపు వదలదు. చేత్తో ఇంజన్ ఎత్తినప్పుడల్లా ఆ బటన్ నొక్కాల్సి వస్తుంది, నిజమే. ఆ మాత్రం శ్రమ పడవచ్చు.

డిటెక్టర్ల సంగతి. డయోడ్ రకంలో కరెంటు డయోడ్ల గుండా పోతుంది, అక్కడ సుమారు 0.7 వోల్టు పడిపోతుంది. అన్ని బ్లాకులకూ పెడితే ఇబ్బంది లేదు. కొన్నిటికి పెట్టి కొన్నిటికి మానేస్తే సరిహద్దు దగ్గర ఇంజన్ వేగం మారడం కంటికి తెలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ రకం రైలు ఆ చోటును దాటిందని చెబుతుందే తప్ప, బ్లాకు మధ్యలో తెగిపోయి మిగిలిన నాలుగు వ్యాగన్ల సంగతి దానికి తెలియదు. దాన్ని లూపుల చివర, యార్డు గొంతు (యార్డు లైన్లన్నీ కలిసే చోటు) దగ్గర అదనపు కన్నుగా మాత్రమే వాడుతున్నాను. ప్రధాన లైనుకు నేను ఎంచుకున్నది ఎన్‌సీఈ వాళ్ల బీడీ20. చిన్న కాయిల్ ఉన్న బోర్డు, దాని రంధ్రం గుండా బ్లాకు వైరు పోతుంది. పట్టాల కరెంటుకూ దానికీ నేరుగా సంబంధం ఉండదు, కాబట్టి వోల్టేజి పడిపోదు. వైరును ఎన్ని చుట్లు తిప్పితే అంత తక్కువ కరెంటును పసిగడుతుంది. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన వస్తువు ఇదే. లోకోనెట్ (డిజిట్రాక్స్ పరికరాలను కలిపే నెట్‌వర్క్) వాడేవాళ్లకు డిజిట్రాక్స్ బీడీఎల్168 ఒకే బోర్డు మీద 16 సెక్షన్లు చూస్తుంది. ఇక్కడి మిత్రుడి ఇంట్లో దాన్ని చాలాసార్లు నడిపాను, వైరింగ్ ఒక్కచోట చక్కగా ఉంటుంది.

డిటెక్టరు ఎంత మంచిదైనా వ్యాగన్ చక్రాలు కరెంటు లాగకపోతే లాభం లేదు. ఇంజన్ ఎలాగూ లాగుతుంది. వెనక వ్యాగన్లు లాగవు, ఎందుకంటే ఇరుసుకు ఒకవైపు చక్రం ఇన్సులేట్ అయి ఉంటుంది. అందుకే చక్రాలకు 10 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టాలి. బియ్యపు గింజ కంటే చిన్నదైన 0805 సైజు ముక్క. ఇన్సులేషన్ ఉన్న వైపు ఇరుసుకూ చక్రానికీ నడుమ దాన్ని జిగురుతో నిలబెడతాను. జిగురు ఆరాక ఒక కొస నుంచి ఇరుసు దాకా, రెండో కొస నుంచి చక్రం దాకా సన్న కుంచెతో కండక్టివ్ పెయింట్ పూస్తాను. పెయింట్ మధ్యలో కలిసిపోతే షార్ట్, ఎక్కడైనా పలచబడితే సంబంధం తెగుతుంది. మర్నాడు మల్టీమీటర్ ముళ్లు రెండు చక్రాలకూ ఆనిస్తే 10 వేల దగ్గర అంకె నిలకడగా ఉండాలి. అంకె ఊగుతుంటే ఆ పెయింట్ ఎక్కువ రోజులు ఉండదని అర్థం, గీకి మళ్లీ పూయాలి. ఏళ్లు గడిచేకొద్దీ పెయింట్ పగుళ్లిస్తుంది. అందుకే వ్యాగన్‌ను ఏ పని మీద బల్ల మీదికి తెచ్చినా ముందు చక్రాల అంకె చూస్తాను.

లెక్క కూడా చెబుతాను. ఒక్కో ఇరుసు సుమారు 1.4 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. వ్యాగన్‌కు రెండు ఇరుసులకు పెడితే దాదాపు 3. ముప్పై వ్యాగన్ల రైలుకు 90 దాటదు, బూస్టరుకు అదో బరువు కాదు. అన్ని వ్యాగన్లకూ ఒకేసారి చేయలేకపోతే ముందు చివరి వ్యాగన్లకూ కబూస్‌లకూ (రైలు చివరి గార్డు పెట్టెలకూ) చేయండి.

సున్నితత్వం మరీ పెంచినా చిక్కే. వేసవిలో బేస్‌మెంట్‌లో తేమ ఎక్కువైతే కంకరకు పోసిన జిగురు గుండా కొద్దిగా కరెంటు కారుతుంది, ఖాళీ బ్లాకు ఎర్రబడుతుంది. పొడవాటి వైర్లు పక్కపక్కనే పోతున్నా డీసీసీ కరెంటు వాటి మధ్య కొంత కారుతుంది. డిటెక్టర్లన్నీ ఒకే పలక మీద పెడితే చూడముచ్చటగా ఉంటుంది, కానీ వాటిని బ్లాకుకు దగ్గరగా, లేఅవుట్ అడుగున అక్కడక్కడ బిగించడమే మేలు. అలా బిగించాక కాయిల్ చుట్లు ఒక్కొక్కటే పెంచుతూ, ఒంటరి వ్యాగన్ కనిపించగానే ఆపేయాలి.

బ్లాకు పొడవు మీ పెద్ద రైలు కంటే ఎక్కువ ఉండాలి. ఒక మైలు హెచ్‌ఓలో 60 అడుగుల పైమాటే, అంత చోటు ఇంట్లో దొరకదు. నా రైళ్లు ఏడెనిమిది అడుగులు, బ్లాకులు తొమ్మిది అడుగులు.

సాఫ్ట్‌వేర్ జేఎమ్‌ఆర్‌ఐ. ఉచితం, పాత కంప్యూటర్ మీదైనా, రాస్‌బెర్రీ పై మీదైనా నడుస్తుంది. డిటెక్టర్ల సమాచారం నా ఎన్‌సీఈ డీసీసీ వ్యవస్థ పవర్ ప్రో సీరియల్ పోర్టు నుంచి దానికి అందుతుంది. దీపాలను వెలిగించేవి ఆర్డునో బోర్డులు (ప్రోగ్రాము రాసుకోగల చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు), అవి సీ/ఎమ్‌ఆర్‌ఐ పద్ధతిలో మాట్లాడతాయి. లేఅవుట్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆ పద్ధతిని బ్రూస్ చబ్ 1985లో అందరికీ అందించారు. నా లేఅవుట్ మీద ఇప్పటికీ అది చెక్కుచెదరకుండా పనిచేస్తోంది. డబుల్ లైనుకు జేఎమ్‌ఆర్‌ఐలోని సింపుల్ సిగ్నల్ లాజిక్ సరిపోతుంది. కాపలా కాయాల్సిన సెన్సరు పేరు, ముందు సిగ్నల్ పేరు ఇస్తే చాలు. సెన్సరు పట్టికలో డిబౌన్స్ అనే గడి ఉంటుంది, దాన్ని మాత్రం వదలకండి. పట్టా మీద దుమ్ము వల్ల క్షణంసేపు సంబంధం తెగినా సిగ్నల్ రెపరెపలాడకుండా అది ఆపుతుంది. నేను ఖాళీ అయ్యే వైపు 1500 మిల్లీ సెకన్లు పెట్టాను, ఆక్రమించే వైపు దాదాపు ఏమీ పెట్టలేదు. ఎరుపు వెంటనే రావాలి, ఆకుపచ్చ నిదానంగా వచ్చినా ఫర్వాలేదు.

ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవం ఉంది. దీన్ని మొదలుపెట్టిన భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ జేకబ్‌సన్ లైసెన్సు ఉల్లంఘన మీద కోర్టుకెక్కారు. ఓపెన్ సోర్స్ లైసెన్సు షరతులు కాపీరైట్ చట్టం కింద చెల్లుతాయని 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. రైలు బొమ్మల సాఫ్ట్‌వేర్ కోసం వచ్చిన ఆ తీర్పు సాఫ్ట్‌వేర్ లోకమంతటికీ అక్కరకొచ్చింది. ఇక్కడి మనవాళ్లలో ఆ రంగంలో పనిచేసేవాళ్లే ఎక్కువ కాబట్టి చెప్పాలనిపించింది.

సింగిల్ లైనుకు శ్రమ ఎక్కువ. లూపు నుంచి రైలు బయల్దేరగానే ఎదురు దిక్కు సిగ్నళ్లన్నీ తర్వాతి లూపు దాకా ఒకదాని వెంట ఒకటి ఎర్రబడాలి. అదే దిక్కున వెనక వచ్చే రైలుకు మాత్రం బ్లాకుల వారీగా దారి ఇవ్వాలి. దీన్నే అబ్సల్యూట్ పర్మిసివ్ బ్లాక్ అంటారు. రైలు ఏ దిక్కుగా వెళ్తోందో గుర్తుపెట్టుకునే నియమాలు రాయాలి. వారాంతాలు చాలానే పట్టాయి, కానీ అది పనిచేయడం చూస్తే కలిగే ఆనందం వేరు.

దీపాలు సర్చ్‌లైట్ రకం, ఒకే కన్నులో మూడు రంగులు. అసలు యంత్రంలో దీపం ముందు కదిలే మూడు రంగుటద్దాల్లో ఎరుపుది మధ్యలో ఉంటుంది. కాబట్టి ఆకుపచ్చ నుంచి పసుపుకు మారేటప్పుడు ఎరుపు ఒక్క క్షణం మెరుస్తుంది. ఆ మెరుపును నా ఆర్డునో ప్రోగ్రాములో కలిపాను. ఎల్‌ఈడీలో పసుపు ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే వస్తుంది. ఆకుపచ్చ వైపు రెసిస్టరు విలువ పెంచుకుంటూ పోతే నిమ్మపండు రంగు పోయి సరైన పసుపు దిగుతుంది.

హైదరాబాద్‌లో మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. డిటెక్టర్లు తెప్పించుకోవడం ఖర్చే, అందుకని మొదట మూడు బ్లాకులతో మొదలుపెట్టండి. అంతకంటే తక్కువైతే మూడు రంగులూ చూడలేరు. రెసిస్టర్లు, ఆర్డునో బోర్డులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నేను ఇండియా వచ్చినప్పుడు రెసిస్టర్లు అక్కడే కొని తెచ్చుకుంటాను.

ప్రస్తుతం బ్రాంచి లైను వేస్తున్నాను. బ్లాకులను వేరుచేసేందుకు పట్టాల్లో గ్యాపులు కోయడం, డిటెక్టర్లు బిగించడం అయిపోయింది. ఆ లైను మీద తిరగబోయే వ్యాగన్లన్నిటి చక్రాలకూ రెసిస్టర్లు పెట్టి, ఒక్కొక్కటే బ్లాకులోకి తోసి చూస్తున్నాను. అన్నీ కనిపించాకే సిగ్నల్ స్తంభాలకు ఆర్డరు పెడతాను.