లెట్రోజోల్ ఆర్డర్ పెడితే క్లోమిఫెన్ పంపారు, పిల్లల కోసం ట్రై చేస్తున్నవాళ్ళు జాగ్రత్త

గుడ్డు విడుదలవ్వడానికి వాడే మందులు ఆన్‌లైన్‌లో కొంటున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల గుడ్డు సరిగ్గా విడుదలవ్వని సమస్య) ఉంది, డాక్టర్ గారు రాసింది లెట్రోజోల్ 2.5 ఎంజీ, పీరియడ్ వచ్చిన మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా రోజుకొకటి. మందుల చీటీ ఫోటో పెట్టి మరీ ఆర్డర్ చేశాం. పార్సిల్ విప్పితే లోపల క్లోమిఫెన్ 100 ఎంజీ ఉంది. ఫోన్ చేస్తే ఆ సెల్లర్ అంటాడూ, "స్టాక్ లేదు మేడమ్, రెండూ ఒకటే, రెండూ ఎగ్ రిలీజ్‌కే, ఇది ఇంకా స్ట్రాంగ్, రిజల్ట్ త్వరగా వస్తుంది" అని. వెనక్కి తీసుకోమంటే మందులకి రిటర్న్ లేదన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు.

రెండూ ఒకటి కాదండీ, అస్సలు కాదు. క్లోమిఫెన్ ఏం చేస్తుందంటే ఒంట్లో ఉన్న ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మెదడుకి తెలియకుండా అడ్డం పడుతుంది, లెట్రోజోల్ అయితే ఆ ఈస్ట్రోజెన్ తయారీనే కొన్నాళ్ళు తగ్గిస్తుంది. రెండు రకాలుగానూ మెదడు ఈస్ట్రోజెన్ తక్కువుందనుకుని గుడ్డుని పెంచే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ ఎక్కువ పంపిస్తుంది, గుడ్డు పెరుగుతుంది, అంతవరకూ నిజమే. కానీ క్లోమిఫెన్ ఆ అడ్డుపడటం మెదడు దగ్గరే ఆపదు, గర్భసంచి లోపలి పొర దగ్గరా పడుతుంది, దాంతో కొంతమందికి పొర పల్చబడుతుంది, గుడ్డు బాగానే వచ్చినా గర్భం నిలబడటం కష్టమవుతుంది. పైగా అందులో ఒక భాగం ఒంట్లో వారాల తరబడి ఉండిపోతుంది. లెట్రోజోల్ కొద్ది రోజుల్లో బయటికి పోతుంది, ఎక్కువగా ఒక్క గుడ్డే పెరుగుతుంది. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ట్రయల్‌లో పీసీఓఎస్ ఉన్న 750 మంది ఆడవాళ్ళకి ఈ రెండూ పోల్చి చూశారు, బిడ్డ పుట్టింది లెట్రోజోల్ వాడినవాళ్ళలో 27.5 శాతం మందికి, క్లోమిఫెన్‌తో 19.1 శాతం మందికి. అందుకే పీసీఓఎస్‌కి ఇప్పుడు ముందు లెట్రోజోల్ రాస్తున్నారు. క్లోమిఫెన్ చెడ్డ మందని కాదు, 1967 నుంచీ వాడుకలో ఉంది, ఎంతోమందికి పనిచేసింది, కానీ అది కూడా 50తో మొదలుపెట్టి స్కాన్ చూసుకుంటూ పెంచాల్సింది, మొదటిసారే 100 చేతిలో పెట్టడం ఏంటి? అది వాడేటప్పుడు చూపు మసకబారినా, కళ్ళ ముందు మెరుపులు కనబడినా మాత్ర ఆపేసి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఈ మాట ఆ సెల్లర్ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఇంకోటి, వాళ్ళు పంపిన ఆ స్ట్రిప్ సంగతి చూడండి. బ్యాచ్ నంబర్ ఉండాల్సిన అంచు దగ్గర అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి, ఎక్స్‌పైరీ డేట్ ఒక చిన్న తెల్ల స్టిక్కర్ మీద ఉంది. గోటితో మెల్లగా లేపితే కింద రేకు మీద వేరే తేదీ! అది ఎప్పుడో అయిపోయిన తేదీ. మా ఆయన చేతిలోంచి ఆ స్ట్రిప్ లాక్కుని కవర్లో పెట్టేశాను, అంత భయమేసింది.

ఇలా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ దగ్గర ఒక పోలిక పట్టిక కూడా ఉంటుంది, మాత్రలు కింద, ఇంజెక్షన్లు పైన, పైకి వెళ్ళేకొద్దీ సక్సెస్ ఎక్కువ అన్నట్టు. దాన్ని నమ్మి ఇంజెక్షన్లు తెప్పించుకోకండి ప్లీజ్. ఆ ఇంజెక్షన్లకి (గొనాడోట్రోపిన్లు అంటారు) ఒకేసారి చాలా గుడ్లు పెరగొచ్చు, కవలలో, ముగ్గురో పడే అవకాశం ఎక్కువ, అండాశయాలు ఉబ్బిపోయి కడుపులో నీరు చేరి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. స్కాన్ లేకుండా ముట్టుకోకూడని మందు అది. చాలావాటిని చల్లగా ఉంచాలి కూడా, ఎండలో తిరిగొచ్చిన పార్సిల్‌లో ఐస్ ప్యాక్ కరిగి నీళ్ళైపోతే లోపల మందు ఏ స్థితిలో ఉందో ఎవరికి తెలుసు. హెచ్‌సీజీ ట్రిగ్గర్ (పెరిగిన గుడ్డు విడుదలవ్వడానికి వేసే ఇంజెక్షన్) అయితే ఇంకో బాధ, వేసుకున్న రెండు వారాల లోపు ఇంట్లో టెస్ట్ చేస్తే ఆ ఇంజెక్షన్ వల్లే రెండు గీతలు రావచ్చు. ఆశపెట్టి ఏడిపించడం కాకపోతే ఏంటిది.

"ఇంకా విశేషం లేదా" అని అడిగేవాళ్ళ నోళ్ళకి భయపడి మనం తొందరపడతామని ఈ అమ్మేవాళ్ళకి బాగా తెలుసు, అందుకే కిట్లు అమ్ముతున్నారు. అసలు మీ ఆయన వీర్య పరీక్ష చేయించారా, గుడ్డు వెళ్ళే ట్యూబులు తెరిచున్నాయా, థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు చూశారా? ట్యూబులు మూసుకుపోతే ఏ మాత్ర వేసుకున్నా గుడ్డు దారిలోనే ఆగిపోతుంది.

లెట్రోజోల్ కాగితంలో రొమ్ము క్యాన్సర్ మందు అని ఉంటుంది, అది చూసి కంగారుపడి మార్చుకోకండి, అది మొదట దానికే వచ్చింది. గర్భం లేదని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి, అంతే.

మేం మళ్ళీ చీటీ రాయించుకుని బిల్లు ఇచ్చే మెడికల్ షాపులో కొన్నాం, మందుల నియంత్రణ అధికారులకి ఫిర్యాదు కూడా ఇచ్చాం. ఇలా తేదీ మీద స్టిక్కర్ వేసి వచ్చినవాళ్ళు కోపంతో స్ట్రిప్ పారేయకండి, కవరూ బిల్లూ పార్సిల్ డబ్బా అన్నీ అలాగే దాచి ఫోటోలు తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకి వెళ్తే ముందు అడిగేవి అవే.