జూబ్లీహిల్స్ బార్ టూర్‌లో సబ్జా ఆకుల జిన్

విజయవాడ నుంచి స్నేహితులం కలిసి వెళ్లిన ఈ హైదరాబాద్ ట్రిప్‌లో నాకు బాగా నచ్చింది ఒక డ్రింక్. జిన్ అనే మద్యంలో సబ్జా ఆకులు నలిపి చేసిన కాక్‌టెయిల్ అది. ఎండాకాలంలో గింజలు నానబెట్టుకుని తాగుతామే, ఆ మొక్క ఆకులే. మెనూలో బేసిల్ అని ఉంటుంది.

ముందు బస సంగతి. రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది కానీ చెకిన్‌కి చాలాసేపు లాబీలో కూర్చోబెట్టారు, పొద్దున టిఫిన్‌లో ఇడ్లీలు చల్లారిపోయాయి. అయినా ఉండడానికి ఆ ఏరియానే మంచిదంటాను. టూర్‌లో తిప్పే బార్లన్నీ జూబ్లీహిల్స్, మాదాపూర్ వైపే. సాయంత్రం ట్రాఫిక్‌లో సికింద్రాబాద్ నుంచి రావాలంటే ఓపికంతా రోడ్డు మీదే అయిపోతుంది.

బార్ టూర్ అంటే ఒక గైడ్, చిన్న గుంపు, బారుకి రెండు మూడు రకాలు చిన్న గ్లాసుల్లో. మొదటి బార్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పాటల హోరులో పక్కవాళ్ల మాట వినపడలేదు, గ్లాసులోంచి పొగ వచ్చింది, రుచి మాత్రం చక్కెర పానకమే.

రెండోచోట జిన్ అండ్ టానిక్ ఇచ్చారు, అంటే టానిక్ వాటర్ అనే చేదు సోడా కలిపిన జిన్. జిన్‌కి ఆ వాసన జునిపర్ అనే పొద కాయల వల్ల, టానిక్‌కి ఆ చేదు క్వినైన్ వల్ల అని గైడ్ చెప్పాడు. సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే ఆ క్వినైనే ఒకప్పుడు మలేరియాకి మందు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, దానికే ఆయనకి 1902లో నోబెల్ వచ్చింది. చేతిలో టానిక్ గ్లాసు పెట్టుకుని ఆ కథ వింటుంటే ఒళ్లు పులకరించింది. మర్నాడు బేగంపేట వెళ్లి ఆయన పేరుతో ఉన్న పాత భవనం బయటి నుంచి చూశాం.

చివరి బార్‌లో దొరికింది అసలు సరుకు. అదృష్టం కొద్దీ కౌంటర్ ముందే సీటు దొరికింది. బార్‌టెండర్ గుప్పెడు ఆకులు తుంచి షేకర్‌లో వేసి, నిమ్మరసం పోసి, చెక్క రోకలితో గట్టిగా నలిపాడు. చక్కెర పాకం, జిన్, నిండా ఐసు వేసి షేకర్ మీద మంచు పట్టేదాకా ఊపాడు. ఆకు ముక్క ఒక్కటి కూడా పడకుండా రెండుసార్లు వడగట్టాడు. గ్లాసులోకి లేత పచ్చ రంగు, పైన సన్నటి నురగ. మొదట ఆకు వాసన, తర్వాత పులుపు, చివర్లో జునిపర్ చిరుచేదు. 2008లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోర్గ్ మేయర్ అనే బార్‌టెండర్ మొదలుపెట్టిన డ్రింక్ ఇది, అక్కడ దీని పేరు జిన్ బేసిల్ స్మాష్. మన ఉక్కపోతకి ఇంతకన్నా తగినది నేను తాగలేదు. ఇచ్చిన వెంటనే తాగాలి, ఆలస్యమైతే ఆ పచ్చదనం, ఆ వాసన రెండూ పోతాయి. పుదీనాతో చేసేటప్పుడు మాత్రం ఇంత గట్టిగా నలపకూడదట, చేదెక్కుతుందట. అందుకే అరచేతిలో పెట్టి ఒక్కసారి తట్టి వేస్తారు.

సైడ్‌కి అపోలో ఫిష్ చెప్పారు మావాళ్లు. హైదరాబాద్ బార్‌లో అది తప్పదు, బాగుంది కూడా. కానీ ఆ కారం నాలుక మీద ఉండగా ఈ డ్రింక్ తాగితే ఆకు వాసన తెలియదు. దీనికి వేయించిన పల్లీలు చాలు.

ఒకచోట బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపారు. అది బలవంతంగా వేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, ఆ మాటే అడిగితే తీసేశారు. మీరూ బిల్లు ఒకసారి చదవండి. తెలంగాణలో 21 ఏళ్లు నిండాలి కాబట్టి ఐడీ దగ్గరుంచుకోండి. సొంత బండి వద్దే వద్దు. రాత్రిపూట డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు ఇక్కడ మామూలే, చిన్న గ్లాసులైనా అన్నీ కలిస్తే పరిమితి దాటడానికి ఎక్కువసేపు పట్టదు. శుక్ర, శనివారాలు కాకుండా మామూలు రోజు వెళ్లి కౌంటర్ దగ్గరే సీటు అడగండి, తీరిగ్గా ఉంటే బార్‌టెండర్లు అడిగినవన్నీ ఓపిగ్గా చెప్తారు.